సగం సీటు మీద నాయిన

నేను డిగ్రీ పాసయ్యాను. ముందు ఈ మాట చెప్పేస్తే తప్ప మిగతాది రాయడానికి చెయ్యి ఆడేలా లేదు. నాయిన వైపు చూసినా, అమ్మ వైపు చూసినా, మా వాళ్ళలో కాలేజీకి వెళ్ళి పరీక్షలన్నీ గట్టెక్కిన మొదటి మనిషిని నేనే. ఫలితాలు ఫోన్‌లో చూసుకున్నప్పుడు ఝరాసంగంలో మా ఇంటి ముందు, కందిపప్పు చెరుగుతున్న అమ్మ పక్కన కూర్చుని ఉన్నాను. చెప్పగానే అమ్మ చేట కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నా రెండు బుగ్గలూ పట్టుకుని చూసింది. మళ్ళీ చేట తీసుకుంది. ఆ తర్వాత చెరిగిన పప్పులో మాత్రం పొట్టు పొట్టులాగే ఉండిపోయింది.

నాయిన అప్పుడు జహీరాబాద్‌లో ఆటో అడ్డా దగ్గర ఉన్నాడు. ఫోన్ చేసి చెప్తే జవాబుగా వేరే గొంతు వినిపించింది. నాయినతో పాటు అడ్డాలో ఉండే ఇంకో డ్రైవరు.

"ఏమైందమ్మా? మీ నాయిన ఫోను నా చేతుల వెట్టి ఆటో సుట్టు తిరుగుతుండు."

"పాసైన కాకా. డిగ్రీ."

"గట్లనా. నేనింక ఎవరన్న పోయిన్రేమో అనుకున్న," అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "సంతోషమైతె గిట్ల తిరుగుతడా మనిషి? ఆటో నిండింది, సవారీలు తిడుతున్రు, ఈయన తిరుగుడు ఆపుతలేడు."

సవారీ అంటే మా దగ్గర ఆటో ఎక్కే మనిషి. నాయిన ఝరాసంగం నుంచి జహీరాబాద్‌కు షేర్ ఆటో నడుపుతాడు. షేర్ ఆటోలో డ్రైవరు సీటు డ్రైవరు ఒక్కడిది కాదు. వెనక నిండాక మిగిలినవాళ్ళు ముందుకొస్తారు. అప్పుడు డ్రైవరు కుడివైపు అంచుకు జరుగుతాడు. ఒక తొడ సీటు మీద, ఇంకో తొడ గాల్లో, కుడి భుజం ఆటో బయట. ఎడమవైపు మిగిలిన జాగాలో సవారీలు సర్దుకుంటారు. నేను పుట్టకముందు నుంచీ నాయిన అట్లా సగం సీటు మీదే కూర్చుని బండి నడుపుతున్నాడు. ఇప్పుడు ఆటో ఖాళీగా ఉన్నా మధ్యలో కూర్చోలేడు. ఇంట్లో మంచం మీదా అంతే, ఎవరో వచ్చి కూర్చుంటారన్నట్టు ఒక కొసకు ఉంటాడు. పెళ్ళి భోజనాల్లో నాయిన పక్కన కూర్చున్నవాడికి ఒకటిన్నర కుర్చీ దొరుకుతుంది.

డిగ్రీ చదివినన్నాళ్ళూ నేను ఆ ముందు సీట్లోనే కాలేజీకి వెళ్ళాను. ఆడవాళ్ళు మామూలుగా వెనక కూర్చుంటారు. నేను మాత్రం ముందు, నాయినకు ఆనుకుని, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని. చలికాలం పొద్దున్న ఆ పక్క వెచ్చగా ఉండేది. పరీక్షల రోజుల్లో నేను పుస్తకం తెరిస్తే నాయిన గుంతల దగ్గర బండిని చాలా మెల్లగా పోనిచ్చేవాడు, వెనకనుంచి ఎవరైనా "ఏందన్నా, ఎడ్లబండి తీర్గ నడుపుతున్నవ్" అన్నా పట్టించుకునేవాడు కాదు.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి ఆటో నిండాలి. నిండే దాకా నేను పెద్ద రోడ్డు పక్కన నిలబడేదాన్ని. అక్కడ ఒక ఫొటో స్టూడియో ఉంది. స్టూడియో పైన, మెట్లెక్కాలి. కింద మెట్ల పక్కన గోడకు ఒక అద్దాల పెట్టె, అందులో స్టూడియో సార్ తీసిన ఫొటోలు. బొంబాయి వైపు పోయే లారీల దుమ్ము ఆ అద్దం మీద పడుతుంటే చున్నీ కొసతో తుడిచి చూసేదాన్ని. కాలేజీలో చెప్పింది ఎంత గుర్తుందో గానీ, ఆ అద్దం ముందు నేర్చుకున్నది మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు.

అందులో కోహీర్ నుంచి జామపండ్లు తెచ్చి బస్టాండులో అమ్మే ఒక పెద్దామె ఫొటో ఉండేది. ఇంకొకరైతే ఆమెను పండ్ల గంప వెనక కూర్చోబెట్టి, చేతిలో ఒక పండు పెట్టి తీసేవాళ్ళు. ఆ ఫొటోలో ఒక్క జామపండు కూడా లేదు. ఆమె ఖాళీ గంపను బోర్లించి దాని మీదే కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. ఫొటో అంచున బస్సు చక్రం సగం కనబడుతుంది. సరుకంతా అమ్ముడుపోయింది, బస్సు వచ్చేసింది, అయినా ఆమెకు తొందర లేదు. ఆ కూర్చోవడం చూస్తే చాలు, ఆ మనిషితో బేరమాడి గెలవలేమని తెలిసిపోతుంది.

ఇంకో దాంట్లో అల్లం రైతు. ఫొటో అంతా మట్టి వదలని అల్లం కుప్పే. రైతు ఎక్కడో పై మూలన, చిన్నగా ఉంటాడు. ఒక చెయ్యి కుప్ప మీద ఉంటుంది, నిద్రపోతున్న పిల్ల తల మీద పెట్టినట్టు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ట్రాక్టర్ల కంపెనీలో పనిచేసే ఒక పొడుగాటి మనిషి ఫొటో. కంపెనీ అంగి, మెడలో కార్డు, అంతా దర్జాగా ఉంది. కానీ సార్ ఆయనను కంపెనీ గేటు ముందు నిలబెట్టలేదు. వాళ్ళ పాత ఇంటి గుమ్మంలో తీశాడు. ఆ గుమ్మం చాలా కురచ. అంత మనిషీ తల వంచి బయటికొస్తూ, వంచిన తలతోనే పైకి చూసి నవ్వుతున్నాడు. గుమ్మం నాలుగు కట్టెలే ఫొటోకు చట్రం. ఆయన ఎంత ఎదిగాడో, ఇంటికొస్తే ఎంత వంగుతాడో ఆ ఒక్క గుమ్మమే చెప్పింది.

అందుకే నాయిన నా ఫొటో మాట ఎత్తినప్పుడు నాకు ఆ అద్దాల పెట్టే గుర్తొచ్చింది.

ఫలితాలొచ్చిన సాయంత్రం నాయిన ఇంటికి మిఠాయితో పాటు ఒక మేకు కూడా తెచ్చాడు, మా మాటలో మొల. పలకరించకముందే గోడకు కొట్టాడు. మా ఇంట్లో ఆ గోడకు అప్పటిదాకా ఉన్నది తాత ఫొటో ఒక్కటే. తాత బతికుండగా ఓటరు కార్డుకు తప్ప ఎవరూ ఆయన ఫొటో తీయలేదు. పోయాక ఆ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించి కట్టించారు, గంధపు దండ వేశారు. తాత మాట మాటకూ ఊరంతటినీ నవ్వించేవాడట. గోడ మీద ఉన్నది మాత్రం కార్డు కోసం నిలబెడితే బెదిరిపోయిన ఒక ముసలాయన. నాకు తాత అంటే ఆ బెదురు మొహమే.

"ఈడ నీ ఫొటో వెడుదం," అన్నాడు నాయిన సుత్తి కింద పెట్టి. "నల్ల గౌను, టోపీ ఏస్కొని."

"ముగ్గురం దిగుదం నాయినా."

"నేనెందుకే నడుమ? గౌను పక్కన ఖాకీ అంగి ఏం బాగుంటది? నా ఫొటో నేను వొయినంక పెట్టున్రి, మా నాయిన పక్కన. దండ గూడ ఒక్కటే గొనున్రి, ఇద్దరికి సరిపోయేది."

"దండ సంగతి తర్వాత," అంది అమ్మ లోపలి నుంచి. "ముందు ఆ అంగికి గుండీ గుట్టనియ్యి. పొద్దటి నుంచి కడుపు కనవడుతుంది ఊరందరికి."

నాయినకు నచ్చచెప్పడానికి నాకు చాలా మాటలు పట్టాయి. చివరికి తాత ఫొటో వైపు చూపించి ఒకటే అడిగాను. రేపు నా పిల్లలకు ఈ గోడ మీద ఎవరిని చూపించాలి, ఇట్లా ఇంకో బెదిరిపోయిన మనిషినా అని. నాయిన ఆ ఫొటో కేసి కొంచెంసేపు చూశాడు. మర్నాడు ఆటో తుడుస్తూ ఒప్పుకున్నాడు, ఒక షరతుతో.

"దిగుత. కాని కోటు ఏస్కుంట. స్టూడియోల ఉంటది గద, పాస్‌పోర్టు ఫొటోలకు ఏస్తరు సూడు, అది."

"కోటెందుకు నాయినా?"

"ఇంటికొచ్చినోళ్ళు సూస్తె, డిగ్రీ సదివిన పిల్ల తండ్రి అనాలె. ఆటో ఆయన అనొద్దు."

నాకు కావలసింది నన్ను రోజూ కాలేజీకి తీసుకెళ్ళిన మనిషి. నాయినకు గోడ మీద కావలసింది ఆ మనిషి తప్ప ఇంకెవరైనా. కొట్టింది ఒక్క మేకే. దాని మీద ఆ ఇద్దరిలో ఎవరుంటారన్నదే నా ఫికర్.

ఆదివారం ముగ్గురం స్టూడియో మెట్లెక్కాం. స్టూడియో సార్ లావాటి మనిషి, కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే, నోరు ఊరుకోదు. మేం లోపలికొస్తుంటే తల ఎత్తకుండా కెమెరా తుడుస్తూ కూర్చున్నాడు. పలకరించడేంటి అనుకున్నాను. ఆ తుడవడం ఉత్త నటన అని, మనిషి గుమ్మం దాటి ఎట్లా వస్తాడో, చెప్పులు ఎక్కడ విడుస్తాడో, ఎక్కడ కూర్చుంటాడో ఆ వంకతో చూస్తాడని తర్వాత తెలిసింది.

నాకు గౌను, టోపీ ఇచ్చాడు. మా దగ్గర పాసైన పిల్లలందరూ స్టూడియోలో ఉండే ఆ ఒక్క గౌనులోనే ఫొటో దిగుతారు. దాని భుజాల మీద నాకంటే ముందు పాసైన వాళ్ళందరి అత్తరు వాసన ఉంది. నాయిన కోటు అడిగాడు. ఆయనకు అది రెండింతలు. సార్ వీపు వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించాడు. ముందు నుంచి చూస్తే సరిగ్గానే ఉంది గానీ, కాలరులోంచి నాయిన మెడ సన్నగా, ఎవరో పిలిస్తే తొంగిచూసినట్టు ఉంది.

"ఎట్లున్న?" అన్నాడు నాయిన.

"పెండ్లి బ్యాండోళ్ళ తీర్గున్నవ్," అంది అమ్మ. "బూర ఒక్కటి తక్కువ."

"నీకేం ఎరుక. కోటంటె గిట్లనె ఉంటది."

సార్ నవ్వలేదు. పుస్తకాల బీరువా బొమ్మ వేసిన పరదా దించాడు. నన్ను మధ్యలో పెట్టి అటూ ఇటూ వాళ్ళను నిలబెట్టాడు. నాయిన గడ్డం కింద నీడ పడకుండా దీపం రెండుసార్లు జరిపాడు. కాలరు సర్దాడు. పెద్ద ఆఫీసరు ఫొటో తీస్తున్నంత శ్రద్ధగా తీశాడు. తీసింది కంప్యూటర్లో చూపిస్తే నాయిన కళ్ళు మెరిశాయి.

"మంచిగొచ్చింది సార్. గిదే కావాలె."

నాకు మాత్రం అది వద్దనిపించింది. ఫొటో బాగాలేదని కాదు. చాలా శుభ్రంగా ఉంది. కానీ పుస్తకాల బొమ్మ ముందు కోటు వేసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ మనిషిలో తాత బెదురే ఉంది. మంచి కోటు వేసుకున్న బెదురు.

"ఇది మీది," అన్నాడు సార్. "ఇగ ఒకటి కూసుండి దిగున్రి."

అక్కడ ఒక పొడుగాటి సోఫా ఉంది. నలుగురు హాయిగా పడతారు. నాయిన వెళ్ళి కుడి కొసకు కూర్చున్నాడు, ఒక తొడ సోఫా మీద, ఇంకోటి గాల్లో. నేను ఆయనకు ఆనుకుని కూర్చుని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మ నాకు ఆనుకుని, మోకాళ్ళు పక్కకు తిప్పి, సంచి పొట్టకు హత్తుకుంది. సార్ కెమెరాలోంచి చూశాడు. కళ్ళజోడు దించుకుని మళ్ళీ చూశాడు.

"అక్కా, ఇంకెవరన్న వస్తున్రా?"

"లేదు సార్. ముగ్గురమే."

"మరి ఆ జాగంత ఎవలికి వదిలిన్రు?"

అప్పుడు చూసుకున్నాం. మా ఎడమపక్క సగం సోఫా ఖాళీ. మేం ముగ్గురం ఇద్దరు పట్టే జాగాలో ఇరుక్కుని ఉన్నాం. అమ్మ ముందు నవ్వింది, తర్వాత నేను. నాయిన సిగ్గుపడి నడుమకు జరగబోయాడు, జరిగినా రెండు క్షణాల్లో మళ్ళీ కొసకే చేరాడు. తప్పు మాది అని కూడా అనిపించలేదు. మాకు కూర్చోవడం అంటేనే అది.

సార్ ఆ ఫొటో తీయలేదు. కెమెరా మెడలో వేసుకున్నాడు. నాయిన ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"అన్నా, ఏ రూటు?"

"ఝరాసంగం సార్. ఎట్ల కనుక్కున్నరు?"

"బండి ఏడున్నది?"

"కిందనే. కడగలేదు సార్. ఆటోల ఏం ఫొటో?"

"కడగొద్దు. పా, పోదాం."

నాయిన కోటు తీయలేదు. తీయమని సార్ కూడా అనలేదు. కోటుతోనే ఆటో దగ్గరికి వచ్చాం. సార్ ఎండను చూశాడు, ఆటోను చూశాడు. "ఈడ నీడ పడుతుంది. జర స్టార్ట్ జేసి ఆ వేపచెట్టు దాటించి పెట్టన్నా," అన్నాడు. నాయిన ఎక్కి హ్యాండిల్ పట్టుకున్నాడు. కోటు చేతులు పొడుగు, అంచు క్లచ్చు కింద ఇరుక్కుంటోంది. రెండుసార్లు లాక్కున్నాడు. ఇక లాభం లేదని తనే కోటు విప్పి అమ్మకు అందించాడు. వెనక క్లిప్పులు టపటపా రాలిపడ్డాయి. కింద ఖాకీ అంగి ఉంది, అమ్మ కుట్టిన కొత్త గుండీతో. సార్ ఆ క్లిప్పులు ఏరుకుని జేబులో వేసుకున్నాడు, అంతే. నాకు ఆయనంటే అప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. నాయిన అడిగిన కోటును కాదనలేదు, నాయిన చేతుల్లోంచి దాన్ని గుంజుకోనూ లేదు.

చెట్టు దాటాక ఆటో ఎండలో ఆగింది. నన్ను రోజూ కూర్చునేచోటే కూర్చోమన్నాడు. గౌనుతోనే ఎక్కి నాయినకు ఆనుకున్నాను. అమ్మ వెనక సీట్లో కూర్చుని, ముందుకు వంగి, మా వెనకున్న రాడ్డు మీద రెండు చేతులూ పెట్టుకుంది. సార్ మా ముందుకు రాలేదు. ఎడమపక్కకు వెళ్ళి, సవారీ ఎక్కడానికి నిలబడే చోట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కెమెరాకూ మాకూ నడుమ ఖాళీ సీటు, పిగిలిన చోట నాయిన అతికించిన పట్టీతో సహా.

"ఇట్ల చూడన్నా," అన్నాడు. నాయిన చూశాడు, మళ్ళీ ఊపిరి బిగబట్టి. సార్ తీయలేదు. ఊరికే ఏదో తిప్పుకుంటూ ఉండిపోయాడు. మెడలో చెమట కారుతోంది నాకు.

అంతలో భుజాన సంచి వేసుకుని ఒకాయన వచ్చాడు. కెమెరా, గౌను ఏవీ ఆయన కంట పడలేదు. సార్ తల మీదుగా వంగి, "ఝరాసంగమేనా?" అని అడిగాడు.

నాయిన ఆలోచించలేదు. ఆయన ఒళ్ళే జరిగింది. తొడ ఇంకొంచెం అంచుకు పోయింది, కుడి భుజం పూర్తిగా ఎండలోకి వెళ్ళింది, ఎడమ చెయ్యి నా వీపు వెనకనుంచి వచ్చి నన్ను తనవైపు లాక్కుంది. "ఆ, ఎక్కున్రి, జాగున్నది," అన్నాడు మొహమంతా విప్పి.

కెమెరా చప్పుడైంది.

"ఎక్కకు కాకా, ఫొటో దిగుతున్రు," అంది అమ్మ వెనకనుంచి.

"దిగినంక పోతదా మరి?" అన్నాడు ఆ సంచి ఆయన. ఫొటో దిగాక ఆయనను ఎక్కించుకునే వచ్చాం.

దానికంటే ముందు పైకెళ్ళి కంప్యూటర్లో చూశాం. నేను రాయాలనుకున్నదంతా ఆ ఫొటో గురించే, తీరా రాయబోతే మాటలు చిన్నవైపోతున్నాయి. కింద, ముందువైపు, ఖాళీ సీటు. దాని అవతల నల్ల గౌనులో నేను, నాయిన లాగితే అటు ఒరిగి నవ్వుతూ. మా వెనక రాడ్డు మీద అమ్మ చేతులు, అమ్మ మొహం. అందరికంటే అవతల, సీటు కొసన, సగం నీడలో సగం ఎండలో నాయిన. మొహం నేరుగా మన వైపు. ఎవరు చూస్తే వాళ్ళనే ఎక్కమంటున్నాడు.

నాయిన చాలాసేపు చూశాడు.

"నేను మాట్లాడుతున్నది ఆ సంచాయనతోని గద? ఆయన కనవడ్తలేడు."

"కనవడడు అన్నా. ఆయన నిలవడ్డ జాగల ఇప్పుడు మనం నిలవడ్డం," అన్నాడు సార్.

నాయిన లేచి, "కోటుది ఒకటి పెద్దగ చేయున్రి సార్," అన్నాడు. రెండూ పెద్దవి చేయమని నేను చెప్పాను. మెట్లు దిగేటప్పుడు వెనక ఉండి సార్‌ను అడిగాను, ఇంకోటి తీయాలని ముందే అనుకున్నప్పుడు కోటుతో అంత కష్టపడి ఎందుకు తీశారని.

"ముందు వాళ్ళు అడిగింది తియ్యాలె బిడ్డా. ఎట్ల కనవడాలన్నది వాళ్ళ ఇష్టం, దాంట్ల మనకు హక్కు లేదు. అది చేతికొచ్చినంక మనిషి జర వదులైతడు. అప్పుడు నాది షురూ." కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "అయినా గోడ మీద ఏది పెట్టుకుంటరో, అది గూడ మీ నాయిన ఇష్టమే. మళ్ళ కొట్లాడకు."

కొట్లాడలేదు. ఫొటోలు చేతికొచ్చిన రోజు నాయిన, నేను ఫ్రేములు కట్టే కొట్టుకు వెళ్ళాం. అది స్టూడియో కింది వరసలోనే, రెండు కొట్ల అవతల. రెండు ఫొటోలూ బల్ల మీద పరిచాం. నాయిన కోటు ఫొటో చూపించి, "ఇది కట్టు," అని గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆటో వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను రెండోది నా పెట్టెలో దాచుకోవడానికైనా కట్టించుకుందామనుకున్నాను.

ఫ్రేముల ఆయన ఆటో ఫొటోను అటూ ఇటూ తిప్పాడు. "ఇది తయారున్న ఫ్రేములల్ల పట్టదమ్మా. కింద గింత జాగ ఉత్తగ వోతుంది, సీటు తప్ప ఏం లేదు. ఆడికి కోసేస్త. మొఖాలు పెద్దగ కనవడ్తయి, సైజు గూడ సక్కగైతది." స్కేలు ఆ ఖాళీ సీటు పై అంచున పెట్టి, బ్లేడు అందుకున్నాడు.

"ఆగు," అన్నాడు నాయిన.

ఎప్పుడు వెనక్కొచ్చాడో నేను చూడలేదు. బల్ల మీద చెయ్యి వేసి, స్కేలును పక్కకు జరిపాడు.

"ఆ సీటు కొయ్యకు."

"ఖాళీ సీటే గదన్నా."

"ఖాళీ ఏడిది? మనిషి ఎక్కుతుండు ఆడ. సీటు కోస్తె ఎక్కెటోళ్ళు ఏడ కూసుంటరు? నేను ఆడికి జరిగి ఏం ఫాయిద?"

ఫ్రేముల ఆయనకు ఇదేం అర్థం కాలేదు. నా మొహం చూశాడు. నేను గోడకు వేలాడుతున్న దేవుళ్ళ పటాల వైపు తిరిగాను. నాయిన రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని నిలబడ్డాడు. కోటు ఫొటో మీద వేలు పెట్టి తన మెడను ఒకసారి రుద్దాడు. ఆటో ఫొటోలో తనను కాదు, నన్ను చూశాడు. నా వీపు వెనకనుంచి వచ్చిన తన చేతిని చూశాడు.

"ఇది కట్టు," అన్నాడు. "ఎంతున్నదో అంత. పెద్ద ఫ్రేము చెయ్యి."

"మరి ఈ కోటుది?"

"అది కవర్లనె ఉండనీ. ఆ కోటాయనకు మా ఇంట్ల మొల లేదు."

ఆ కోటు ఫొటో ఇప్పుడు అమ్మ పెట్టెలో, చీరల మడతల్లో ఉంది. నాయిన మీద కోపమొచ్చినప్పుడల్లా తీసి చూసుకుని నవ్వుకుంటుంది. నాకు అది కూడా ఇష్టమే. నా కోసం మా నాయిన వేసుకున్న కోటు అది.

ఫ్రేము తయారైన రోజు తీసుకుని వస్తున్నాం. పెద్దది, వెనక సీట్లో పెడితే ఎవరి మోకాలైనా తగులుతుందని ముందు సీట్లో నేనే ఒళ్ళో నిలబెట్టి పట్టుకున్నాను. ఆటో వెనక నిండిపోయింది. జహీరాబాద్ పొలిమేర దాటాక తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన రోడ్డు పక్కన చెయ్యెత్తాడు. ఈ ఒక్కసారికి ఆపడులే అనుకున్నాను. నాయిన ఆపాడు.

పెద్దాయన ఎక్కి, నేను నాయిన వైపు జరిగితే దొరికిన జాగాలో సర్దుకున్నాడు. బండి కదిలింది. ఆయన ఫ్రేము వైపు చూశాడు, నాయిన వైపు చూశాడు, మళ్ళీ ఫ్రేము వైపు చూశాడు.

"ఇందుల ఉన్నది నువ్వే గద?"

నాయిన రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా ఇంకొంచెం కుడికి జరిగాడు.

"అది మా బిడ్డ డిగ్రీ ఫొటో," అన్నాడు. "నేను జర పక్కకు జరిగిన, గంతే."